అందరి చేతులతో లేచిన ఆనకట్ట
సర్ ఆర్థర్ కాటన్ జీవితమునుండి కొన్ని పాఠములు

ధ్యానమునకు: నెహెమ్యా 2, 3, 4 అధ్యాయములు; నిర్గమకాండము 18వ అధ్యాయము



మన గోదావరి సీమలో కాటన్ దొర పేరు ఎరుగని పల్లె లేదు. కాలువ గట్టున, నాలుగు దారులు కలియు చోట, గుఱ్ఱముమీద కూర్చున్న ఆయన విగ్రహమును మనము చూచుచునే యున్నాము. ప్రతి సంవత్సరము మే 15వ తేదీన ఆయన పుట్టిన దినమని రైతులు ఆ విగ్రహమునకు పూలదండ వేయుదురు. గోదావరిలో స్నానము చేయునప్పుడు ఆయన పేరు తలచుకొను హిందూ సోదరులు కూడ కలరు. ఒక పరదేశస్థునికి ఇట్టి గౌరవము దొరకుట సామాన్యము కాదు.

అయితే మనము ఆయననుగూర్చి సాధారణముగా ఒక్క మాట చెప్పి ఊరకుందుము. ఆయన ధవళేశ్వరము ఆనకట్ట కట్టెను అందుము. ఆ మాట నిజమే. కాని ఒక్క మనుష్యుడు రెండుంబావు మైళ్ల రాతిగోడ కట్టజాలడు గదా! అంతేకాదు, ఆ పని జరిగిన అయిదేండ్లలో దాదాపు రెండేండ్లు ఆయన ధవళేశ్వరములోనే లేడు. రోగియై సముద్రము దాటి పోయియుండెను. అయినను పని ఆగలేదు. అదెట్లు జరిగినదో ఈ నెల మనము కలిసి ఆలోచింతము. ఆయన నదిని నిలువరించిన సంగతికంటె ఈ సంగతి మన సంఘములకు ఎక్కువ అవసరమైనదని మాకు తోచుచున్నది.

బాల్యము, మన దేశమునకు రాక

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండు దేశములో పుట్టెను. ఆయన తండ్రికి పదకొండుమంది కుమారులు. వారిలో ఈయన పదవవాడు. పెద్ద కుటుంబములో చిన్నవానిగా పెరిగినవాడు అన్నల మాట వినుటయు, ఉన్నదానిని పంచుకొనుటయు నేర్చుకొనును. ఆడిస్కోంబు అను చోట ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొందెను. 1821లో మద్రాసు చేరెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు. బర్మా యుద్ధములో పనిచేసెను. యౌవనకాలమందే ఆయన ప్రభువునందు లోతైన విశ్వాసము గలవాడాయెను. ఆ విశ్వాసము తుదివరకు ఆయనను విడువలేదు.

మన్యపు జ్వరమువంటి జబ్బులు ఆయనను మాటిమాటికి పట్టుచుండెను. ఆయన దేహము బలమైనది కాదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. పని చేయవలసిన కాలములో మంచమెక్కవలసి వచ్చిన మనుష్యుడు రెండింటిలో ఒకటి చేయును. తాను లేనిదే ఏదియు జరుగదని బెంగపెట్టుకొనును; లేదా తాను లేకున్నను జరుగునట్లు ఇతరులను సిద్ధపరచును. కాటన్ రెండవ దారి పట్టెను.

కావేరి నేర్పిన పాఠము

గోదావరికి రాకముందు కాటన్ తంజావూరు సీమలో కావేరి నదిమీద పనిచేసెను. 1835, 1836 సంవత్సరములలో కావేరి శాఖయైన కొల్లడము నదికి ఆయన రెండు ఆనకట్టలు కట్టించెను. ఆ సీమలోనే చోళరాజుల నాటి కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట యున్నది. కరికాల చోళుడు దానిని కట్టించెనని అచ్చటివారు చెప్పుదురు.

ఆ దినములలో ఇంగ్లండు ఇంజనీర్లకు ఒక పెద్ద చిక్కుండెను. మన నదుల అడుగున ఎంత లోతు త్రవ్వినను ఇసుకయే. గట్టినేల దొరకదు. పునాది గట్టినేలమీదనే వేయవలెనని వారు చదువుకొనిన విద్య. అట్లయిన ఈ నదులమీద ఏదియు కట్టలేము. కాటన్ ఆ చిక్కును పుస్తకములలో వెదకలేదు. కల్లణై దగ్గరకు పోయి చూచెను. చదువురాని పనివారు, వారి తాతముత్తాతలు, లోతు తెలియని ఇసుకలోనే రాళ్లు దిగవేసి, అవి దిగబడి దిగబడి ఒకచోట నిలుచువరకు ఓర్చుకొని, వాటిపైన కట్టడము లేపిరని గ్రహించెను. తాను ఈ విద్యను ఈ దేశస్థులయొద్దనే నేర్చుకొంటినని తరువాతి సంవత్సరములలో తన వ్రాతలలో ఒప్పుకొనెను. తానే కనిపెట్టితినని చెప్పుకొనలేదు.

ప్రియులారా, క్రొత్త పని చేయువాడనగా ఎవ్వరియొద్దను నేర్చుకొననివాడు అని మనము తలంతుము. అది పొరబాటు. ఏలుబడి చేయు జాతికి చెందిన అధికారి, ఏలుబడికి లోబడిన జాతి కూలివానియొద్ద పాఠము నేర్చుకొనుటకు కూర్చుండెను; అందుచేతనే క్రొత్త పని పుట్టెను. మోషే కూడ తన మామయైన యిత్రో చెప్పిన బుద్ధిమాట వినెను. అంతటి ప్రవక్త మిద్యానీయుడైన యాజకుని సలహా విని, భారమంతయు తానే మోయక, నమ్మకమైనవారిని ఏర్పరచుకొని వారికి పంచెను.

మన సీమ దుస్థితి

నేడు పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు చూచువారికి 1840 నాటి గోదావరి సీమ ఎట్లుండెనో తలంచుటకైనను కష్టము. పాపికొండలనుండి దిగివచ్చిన నీరంతయు వరదకాలమున ఊళ్లను ముంచి సముద్రములో పడిపోవును. వేసవిలో నది ప్రక్కననే చేలు బీటలు వారును. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందననామ సంవత్సరపు కరువులో ఒక్క గుంటూరు సీమలోనే అయిదు లక్షలమందిలో సుమారు రెండు లక్షలమంది చనిపోయిరి. 1839లో ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలమంది జనులుండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలమంది మాత్రమే మిగిలిరి. చనిపోయినవారు కొందరు, పొట్ట చేతపట్టుకొని వలసపోయినవారు కొందరు.

ఈ సీమ ఎందుకిట్లయినదో విచారించుటకు కంపెనీవారు సర్ హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని నియమించిరి. 1844లో ఆయన తన నివేదిక పంపెను. మంచి ఇంజనీరు వచ్చి నదిని పరీక్షింపవలెనని అందులో కోరెను. ఆ పని కాటన్‌కు అప్పగింపబడెను. కంపెనీవారు శిస్తు తగ్గిపోవుచున్నదని విచారించిరి. జనులు అన్నములేక చచ్చుచున్నారని కాటన్ విచారించెను. రెండు విచారములును కలిసి పని ఆరంభమాయెను. చరిత్రలో దేవుని పని తరచుగా ఇట్టి కలగలుపు మనస్సులద్వారానే జరుగుచున్నది.

చూచుట, చూపుట

నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాత ఏమి చేసెనో జ్ఞాపకము చేసికొనుడి. మొదటనే సభ కూర్చి ప్రసంగించలేదు. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి పడిపోయిన ప్రాకారమును చుట్టి చూచెను. కాలిన గుమ్మములను తన కన్నులతో చూచెను. అటుతరువాతనే జనులతో మాటలాడెను.

కాటన్ కూడ అట్లే చేసెను. నది ఎక్కడ విశాలము, ఎక్కడ ఇరుకు, నేల ఎటు వాలుచున్నది అని తిరిగి తిరిగి చూచెను. అప్పుడు ఆయనకొక సంగతి కనబడెను. మామూలుగా నది పల్లములో ప్రవహించునని మనమనుకొందుము. మన డెల్టాలో అట్లు కాదు. వేలయేండ్లుగా వరద తెచ్చిన ఒండ్రు గట్ల ప్రక్కన పేరుకొని, నది ఒడ్డు మెరకగాను, దూరమున నున్న చేలు పల్లముగాను ఏర్పడినవి. కనుక నది మొదట నీటిమట్టము కొంచెము పెంచినయెడల, ఏ యంత్రము లేకుండ ఆ నీరు తనంతట తానే సముద్రమువరకు చేలలో పారిపోవును. గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు పాయలుగా చీలుటకు పైన, ధవళేశ్వరము దగ్గర, మధ్యలో లంకలున్న చోటు అందుకు తగినదని ఆయన నిశ్చయించెను.

తాను చూచినది ఇతరులకు చూపుట అంతకంటె కష్టమైన పని. 1844, 1845లలో ఆయన పంపిన నివేదికలలో తంజావూరును ఎదుట నిలిపెను. అచ్చట నీటికట్టలున్నందున జనులు సుఖముగా నున్నారు. ఇచ్చట అంతకంటె పెద్ద నది యుండియు జనులు మలమల మాడుచున్నారని లెక్కలతో చూపెను. వినువారికి నది కాదు, రాబోవు పంట కనబడునట్లు వ్రాసెను. 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని మొదలాయెను.

పదివేల చేతులు

పని మొదలగునప్పుడు కాటన్ కోరినంతమంది ఇంజనీర్లను గాని, చేయితిరిగిన తాపీ పనివారిని గాని పైవారు పంపలేదు. వచ్చినవారు కొద్దిమంది, వారిలోను పలువురు అనుభవములేని పడుచువారు. ఆయన గొణుగుచు కూర్చుండలేదు. ఉన్నవారికి నేర్పుకొనుచు పని సాగించెను.

సుమారు పదివేలమంది కూలీలు, అయిదువందలమంది వడ్రంగులు, అయిదువందలమంది కమ్మరులు ధవళేశ్వరము చేరిరి. ఆ సంఖ్యను ఒకసారి తలంచుడి. అది పెద్ద తిరునాళ్లవలె దినదినము సాగిన పని. రాయి కొట్టువారు, ఇసుక తోడువారు, సున్నము కాల్చువారు, పడవ నడుపువారు, పలుగులు పదును పెట్టువారు. ఒకరి పని ఆగిన యెడల అందరి పని ఆగును.

ధవళేశ్వరము కొండనుండి నదివరకు ఇనుప పట్టాలు పరచి, వాటిమీద బండ్లలో రాళ్లు దింపిరి. బొంబాయిలో జనులు ఎక్కు రైలు 1853లో నడచెను; అంతకు కొన్ని యేండ్లు ముందే మన ధవళేశ్వరములో రాళ్లు రైలెక్కినవి. కాటన్ అంతకుముందు మద్రాసు దగ్గర ఎఱ్ఱకొండలయొద్ద ఇట్టి దారి వేయించి యుండెను. ఒకచోట నేర్చినది మరియొకచోట వాడుకొనుట ఆయన పద్ధతి.

కట్టడము నాలుగు భాగములు. ధవళేశ్వరము పాయలో 4,872 అడుగులు, ర్యాలి పాయలో 2,859 అడుగులు, మద్దూరు పాయలో 1,548 అడుగులు, విజ్జేశ్వరము పాయలో 2,601 అడుగులు. గోడ ఎత్తు పన్నెండడుగులు. కావేరి పాఠము ఇక్కడ ఫలించెను. ఇసుకలో నూతులు దింపి, వాటిపైన గోడలు లేపి, నడుమ రాళ్లు నింపి, క్రిందివైపున విడిరాళ్లు ఏటవాలుగా పరచిరి. ఎత్తయిన గోడతో నదిని ఎదిరించుట కాదు. పొట్టియైన వెడల్పు గోడమీదుగా వరదను దాటిపోనిచ్చుట. ఒక్కొక్క కాలువ మొదట నీరు విడుచుటకు తలుపులు, ఇసుక కొట్టుకొని పోవుటకు తూములు, పడవలు దాటుటకు లాకులు ఏర్పరచిరి.

వీరన్నగారు

ఈ పదివేలమందిని కూర్చినదెవరు? వారి భాష ఎరిగి, వారి తగవులు తీర్చి, పండుగకు ఇండ్లకు పోయినవారిని తిరిగి రప్పించినదెవరు? దొరకు అది సాధ్యము కాదు. ఆ పని చేసినవాడు మన తెలుగువాడు, వీణెం వీరన్నగారు. ఆయన కాటన్ క్రింద మేస్త్రీలపైన అధికారిగా నుండి, తరువాత ఉప ఇంజనీరు పదవికి ఎక్కెను. కూలీలను సమకూర్చుట, వారిని నడుపుట ఆయన చేతిమీదుగా జరిగెను. వీరన్న లేకున్న ఈ పని ఇట్లు సాగియుండదని కాటన్ పైవారికి తెలియజేసెనని మన పెద్దలు చెప్పుదురు. ప్రభుత్వమువారు ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదు నిచ్చిరి.

తన క్రింద పనిచేయువాని పేరు తన పేరు ప్రక్కన నిలుపుట చాలమంది పెద్దలకు చేతకాదు. పని చెడిపోయినప్పుడు క్రిందివాని పేరు ముందు వచ్చును. పని బాగైనప్పుడు పైవాని పేరు మాత్రమే వినబడును. మన సంఘములలో కూడ ఇది లేదని చెప్పగలమా?

నాయకుడు లేని కాలము

1848లో కాటన్ ఆరోగ్యము పూర్తిగా చెడిపోయెను. ఎండలో నిద్రాహారములు మాని పనిచేయుటచేత ఆయన పడిపోయెను. వైద్యుల మాట విని సెలవుమీద ఆస్ట్రేలియా వైపునకు పోవలసివచ్చెను. అంతకుముందు 1841లో ఆయన ఎలిజబెత్ లెర్‌మంత్ అను ఆమెను వివాహము చేసికొనినది కూడ ఆ వైపుననే, టాస్మేనియా ద్వీపములో.

ఆనకట్ట సగము మాత్రమే లేచినది. ఎదుట వరదకాలము. నాయకుడు ఓడ ఎక్కెను. ఇట్టి సమయమున ఎన్ని పనులు చెదరిపోవలేదు! మన పల్లెలలో పునాది వేసి విడువబడిన ప్రార్థనామందిరములను చూచినయెడల, ఒక్క పాస్టరుగారి బదిలీతోనో, ఒక్క పెద్ద మరణముతోనో పని ఆగినదని తెలియును.

ధవళేశ్వరములో అట్లు జరుగలేదు. కాటన్ సహాయకుడైన చార్లెస్ ఓర్ పని చేతికి తీసికొనెను. వీరన్నగారుండిరి. పని నేర్చిన మేస్త్రీలుండిరి. ఏమి చేయవలెనో, ఎందుకు చేయవలెనో వారందరికి తెలిసియుండెను. కాటన్ తన తలలో మాత్రమే పటము దాచుకొని యుండినయెడల ఆ రెండేండ్లలో గోడ ఇసుకలో కలిసియుండును. 1850లో ఆయన తిరిగివచ్చునప్పటికి పని చాలవరకు ముందుకు పోయియుండెను. 1852 మార్చి నెలాఖరుకు ఆనకట్ట పూర్తియాయెను.

ఆ ఓర్ దొరయే వెంటనే బెజవాడకు పోయి కృష్ణానదికి ఆనకట్ట కట్టించెను. అది 1855లో పూర్తియాయెను. ఒక ఆనకట్టవద్ద నేర్చినవాడు రెండవ ఆనకట్టకు పెద్దయాయెను. కాటన్ మిగిల్చిన ఆస్తిలో ఇది చిన్నది కాదు.

గన్నవరము అక్విడక్టు

ఇంకొక సంగతి చెప్పవలెను. కోనసీమలో వైనతేయ పాయ కవతల నగరము లంక యున్నది. ఆనకట్ట నీరు అచ్చటికి చేరవలెనన్న నదిమీదుగా కాలువను దాటించవలెను. క్రింద నది, పైన కాలువ! ఈ పని హెయిగ్ అను పడుచు లెఫ్టినెంటుకు అప్పగింపబడెను. 2,248 అడుగుల పొడవున, ఒక్కొక్కటి నలుబదియడుగుల వెడల్పుగల 49 కమానులు, 1852లో వరద రాకముందు దొరకిన కొద్ది నెలలలోనే లేచినవి. ఇటుకలు కాల్చువారినుండి తాపీ పనివారివరకు వరదతో పందెము వేసినట్లు పనిచేసిరి.

క్రొత్తపని క్రొత్తవానికి అప్పగించుటకు ధైర్యము కావలెను. ఆ పని చెడినయెడల నింద పెద్దవానిపైన పడును. ఆ భయముచేతనే మనము మన యౌవనస్థులకు కుర్చీలు సర్దు పనియు, దీపములు వెలిగించు పనియు మాత్రమే ఇచ్చెదము. ఆ పాత కట్టడము నూటనలుబదియేండ్లకు పైగా నగరము లంకకు నీరిచ్చెను. 2000వ సంవత్సరములో దాని ప్రక్కన క్రొత్త అక్విడక్టు వచ్చెను. ఆకలిగొన్నవారికి అన్నముపెట్టిన లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టిరి. అన్నము పెట్టిన తల్లి పేరు, అన్నము పండించు నీటికి! అది తగియున్నది.

హెయిగ్ దొర తరువాత భద్రాచలము సీమలో దుమ్ముగూడెమునందు పనిచేయుచు, కోయవారి మధ్య సువార్త పని ఆరంభమగుటకు తోడ్పడెను. ఇదే కాలములో 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అను సేవకులు నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలోను, 1845లో వచ్చిన వాలెట్ అయ్యగారు రాజమహేంద్రవరములోను సేవ చేయుచుండిరి. కాలువలును సంఘములును ఈ సీమలో ఒకే కాలమున వ్యాపించినవి.

ఆయన లోపములు

మనుష్యుని జీవితము వ్రాయునప్పుడు లోపములు దాచుట బైబిలు పద్ధతి కాదు. దావీదు పాపమును, పేతురు పిరికితనమును దాచకుండ గ్రంథము చెప్పుచున్నది.

కాటన్ తొందరగలవాడు. పైయధికారులు ఆలస్యము చేసినయెడల కటువుగా వ్రాయుచుండెను. ఆయన వేసిన అంచనాలకంటె పనులకు ఎక్కువ సొమ్ము పట్టుచుండెను. ధవళేశ్వరములో మేస్త్రీ మాట విన్న ఆ చెవి, తరువాతి కాలములో, తన ఆలోచనకు అడ్డము చెప్పువారికి అంతగా తెరువబడలేదు. రైళ్లకంటె కాలువలే మేలని, దేశములోని నదులన్నిటిని కాలువలతో కలుపవలెనని ఆయన పట్టుబట్టెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట కూడ అదే వాదించెను. ఆయన ప్రోత్సాహముతో ఒక కంపెనీవారు త్రవ్విన కర్నూలు కడప కాలువ నష్టముల పాలై, 1882లో ప్రభుత్వము వశమాయెను. భద్రాచలము పైన గోదావరిలో పడవదారి పని 1871లో ఆపివేయబడెను. ధవళేశ్వరములో నేలను చూచి ఆలోచన పుట్టెను. ఆ చోట్ల ఆలోచన ముందు పుట్టి నేలను తనకు లోబడుమనెను.

ఇంకొక సంగతి కూడ చెప్పకతప్పదు. నీరు వచ్చెను, పంట వచ్చెను, కాని పంట అందరి గాదెలకు సమముగా రాలేదు. భూమి గలవాడు ధనికుడాయెను. భూమి లేనివాడు ఆ చేలలోనే కూలివాడుగా నిలిచెను. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఆ కాలువలక్రింద ఒకరి చేలలో నాట్లు వేసి, ఒకరి ధాన్యము మోసినవారే. ఇది కాటన్ ఒక్కని తప్పు కాదు. అయితే ఎవరికొరకు కట్టుచున్నామో, ఎవరికి అందుచున్నదో అని కట్టినవారు అడుగుట మానరాదు.

తుది దినములు

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చెను. ఆ తరువాత కొద్దికాలములోనే ఆయన ఉద్యోగము చాలించి స్వదేశము చేరెను. ఊరక కూర్చుండలేదు. డార్కింగు అను ఊరిలో తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమలు ఎక్కువగా పండించుట యెట్లో ముసలితనమందును పరీక్షించుచుండెను. 1899 జూలై 24వ తేదీన తొంబదియారేండ్ల వయస్సున నిద్రించెను. లేడీ హోప్ అని పేరుపొందిన ఆయన కుమార్తె 1900లో తండ్రి జీవితమును పుస్తకముగా ప్రచురించెను.

ఆయన ఆనకట్ట నూరేండ్లకు పైగా సేవచేసెను. 1970 తరువాత దాని దగ్గరనే 175 తలుపులుగల బ్యారేజి కట్టబడెను. దానికి ఆయన పేరే పెట్టిరి. నేడు పలు జిల్లాలుగా విభజింపబడిన మన డెల్టాలో సుమారు పదిలక్షల యెకరములు ఆ నీటితో తడుచుచున్నవి.

మన మాట

నెహెమ్యా 3వ అధ్యాయమును చాలమంది చదువక దాటిపోవుదురు. అందులో పేర్ల పట్టీ తప్ప ఏమియు లేదందురు. మరల చదువుడి. యాజకులున్నారు, కంసాలులున్నారు, సుగంధద్రవ్యములు చేయువారున్నారు, ఒకాయన తన కుమార్తెలతో కూడ వచ్చి కట్టెను. చాలమంది తమ తమ యిండ్ల ఎదుటి భాగమును బాగుచేసిరి. మెడవంచి పనిచేయని ఘనుల సంగతియు వ్రాయబడెను. యాబదిరెండు దినములలో ప్రాకారము పూర్తియాయెను. పరిశుద్ధాత్ముడు ఆ పేర్లన్నిటిని భద్రపరచెను.

ధవళేశ్వరములో పనిచేసిన పదివేలమంది పేర్లు మనకు లేవు. దొరల పేర్లున్నవి, వీరన్నగారి పేరున్నది. రాయి మోసిన తల్లి పేరు, ఇసుక నూతిలో దిగిన తండ్రి పేరు దేవునికి మాత్రమే తెలియును.

కనుక సంఘ పెద్దలారా, ఈ నెల మూడు పనులు చేయుదము. మీరు చేపట్టిన పని ఏదైనను, మందిరమైనను, బడియైనను, ఊరి బోదె పూడిక తీయుటయైనను, మీరు లేకున్నను దానిని నడుపగలవారు ఇద్దరినైనను సిద్ధపరచుడి. పడుచువారిలో ఒకనికి, ఒకతెకు, నిజమైన బాధ్యత అప్పగించి వెనుక నిలువుడి. మూడవది, పని పూర్తియైనప్పుడు చందా ఇచ్చినవారి పేర్లు మాత్రమే రాతిమీద చెక్కింపక, ఇసుక మోసినవారి పేర్లు, గంజి కాచి పోసినవారి పేర్లు కూడ సంఘపు పుస్తకములో వ్రాయించుడి.

శివారు భూముల రైతు బాధ మీరెరుగుదురు. ఎగువవారు తూము మూసికొనినయెడల దిగువవారి చేలు ఎండును. అధికారమైనను, గౌరవమైనను, విద్యయైనను అంతే. మనయొద్దనే నిలువబెట్టుకొనినది మురుగగును; పారనిచ్చినది పంటయగును.

ప్రార్థన: నదులను సృజించిన తండ్రీ, నీ పనిని మా సొంత పని యనుకొనకుండ మమ్మును కాపాడుము. మాకంటె చిన్నవారియొద్ద నేర్చుకొను మనస్సును, మా తరువాతివారికి అప్పగించు ధైర్యమును మాకిమ్ము. పేరులేక కష్టపడిన వారందరిని నీవు జ్ఞాపకము చేసికొనుచున్నావని మేము స్తుతించుచున్నాము. యేసు నామమున, ఆమేన్.